మాస్టారి ఇసుక

ఒక ముసలాయన ఐదేళ్ళుగా తనది కాని తప్పు మోస్తున్నాడు. దాన్ని ఆయన నెత్తిన పెట్టింది నేను. పెట్టి, పక్కనే నిలబడి, అయ్యో పాపం అన్నదీ నేనే. ఈ మాట ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేకపోయాను. నా భార్యకు చెప్పలేదు. దేవుడికి కూడా తిన్నగా చెప్పలేదు. గుడికి వెళ్ళినప్పుడల్లా వేరే సంగతులు మాట్లాడి వచ్చేస్తాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. కాబట్టి మీకు చెప్పడం తేలిక. తేలిక అని రాశాను గానీ, ఈ నాలుగు ముక్కలు రాయడానికి వారం పట్టింది.

కారు దగ్గర మొదలుపెట్టాలి. అన్నీ అక్కడే మొదలయ్యాయి.

మాది అండమాన్‌లో పోర్ట్ బ్లెయిర్. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి చాతం దీవి రంపపు మిల్లులో దుంగలు మోశాడు. నేను కాంట్రాక్టర్నయ్యాను, ఇళ్ళు కడతాను. పదకొండేళ్ళ కిందట ఒక స్పోర్ట్స్ కారు కొన్నాను. పసుపు రంగు. రెండే తలుపులు, రెండే సీట్లు. చెన్నై నుంచి ఓడలో దిగిన రోజున జెట్టీ మీద జనం పని మానుకుని చూశారు. ఆ డబ్బుతో ఊళ్ళోనే, షాదీపూర్‌లో మంచి మేడ వచ్చేది. మా ఊళ్ళో రోడ్డు అర నిమిషం పాటు తిన్నగా సాగదు. ఎక్కుడు, దిగుడు, మలుపు, స్పీడ్ బ్రేకర్, మళ్ళీ మలుపు. ఉత్తరానికి పెద్ద రోడ్డుంది, కానీ అడవిలో పోలీసు కాన్వాయ్‌తో, బస్సుల వెనకాలే పోవాలి. ఆ కారు ఎంత వేగం పోగలదో కాగితం మీద చదివానే తప్ప ఏనాడూ చూడలేదు.

మరి ఎందుకు కొన్నట్టు?

నా భార్య ఒకే ఒకసారి అడిగింది. నా దగ్గర జవాబులు దండిగా ఉండేవి. ఆ కారు మన బోర్డు అన్నాను. కాంట్రాక్టర్ ఏ బండిలో దిగుతాడో చూసే జనం ఇల్లు అప్పగిస్తారన్నాను. ఇది ఖర్చు కాదు, పెట్టుబడి అన్నాను. ఆమె ఊరుకుంది, నేను ఊరుకోలేదు. రాత్రీ పగలూ నాకు నేనే చెప్పుకునేవాణ్ణి. నాన్న భుజాలు కాయలు కాసేలా మోశాడు, ఆయన కొడుకు మెత్తటి సీట్లో కూర్చోకూడదా అని. నాన్న పేరు చెప్పుకుని కొన్నాను. ఆయన బతికుంటే చెప్పుతో కొట్టేవాడు. ఒక వస్తువు కొన్నాక అది ఎందుకు కావలసి వచ్చిందో ఇంతగా వెతుక్కోవలసి వస్తే, అది అక్కర్లేనిదని అర్థం కాదా? అప్పుడు తోచలేదు. తోచినా తోసేసి ఉంటాను.

సముద్రపు గాలికి కారు పాడవుతుందని చెన్నై వాళ్ళు ముందే హెచ్చరించారు. ఉప్పు ఇనుముకు పడితే లోపల్లోపలే తినేస్తుందట. రోజూ మంచినీళ్ళతో, అడుగు భాగం కూడా కడగమన్నారు. మా ఊళ్ళో కుళాయి నీళ్ళు రెండు మూడు రోజులకోసారి వస్తాయి. బకెట్లు, డ్రమ్ములు, చివరికి వంటింటి గిన్నెలు కూడా నింపుకుంటాం. అలాంటి చోట నేను కారు కడగడానికి ట్యాంకర్ తెప్పించాను. ఇది గుర్తుంచుకోండి. ఉప్పు ఇనుమును ఏం చేస్తుందో నాకు తెలియక కాదు.

మాస్టారు నాకు బళ్ళో తెలుగు చెప్పినవారు. నా చెయ్యి పట్టుకుని అక్షరాలు దిద్దించినవారు. రిటైరయ్యాక ఊరికి దూరంగా, చౌల్దారీలో చిన్న స్థలం కొన్నారు. దాంట్లో ఒక బావి. ఇల్లు కట్టుకుందామని భార్యతో కలిసి మా ఇంటికి వచ్చారు. ఆమెను నేను చిన్నప్పటి నుంచీ పిన్నీ అనేవాణ్ణి. మాస్టారు కారు చుట్టూ రెండుసార్లు తిరిగి, దాని వీపు నిమిరి, మావాడు కొన్నాడని మురిసిపోయారు. ఇద్దరే పడతారా ఇందులో అని పిన్ని నవ్వింది. ఆవిడ మనసులో వేరే కాంట్రాక్టరున్నాడు. ఇంత కారు కొన్నవాడు మన చిన్న ఇంట్లో కక్కుర్తి పడతాడా అని మాస్టారే ఆవిడకు నచ్చజెప్పారు. నేను విన్నాను. విని గర్వపడ్డాను. చూశావా, కారు పని చేసింది అని ఆ రోజు నా భార్యతో అన్నాను కూడా.

ఆ ఇంటి పునాది చూసి వస్తుండగా కారు పొట్ట స్పీడ్ బ్రేకర్‌కు కొట్టింది. లోపల ఏదో పగిలింది. ఇక్కడ బాగుచేసేవాడు లేడు. ఓడెక్కించి చెన్నై పంపాలి, సామాను విదేశం నుంచి రావాలి. అంత డబ్బు నా చేతిలో లేదు. బ్యాంకు వాయిదాలకే సరిపోతోంది. పోనీ, గుడ్డ కప్పి వదిలేద్దామా? వదిలేస్తే, కాంట్రాక్టర్ పని అయిపోయిందని పోర్ట్ బ్లెయిర్ అంతా సాయంత్రానికే చెప్పుకుంటుంది. బోర్డు పడిపోతే కొట్టు మూసినట్టే కదా అని నా లెక్క. చేతిలో మాస్టారు ఇసుకకని ఇచ్చిన డబ్బుంది.

మా ద్వీపాల్లో ఇల్లు కట్టే ఇసుక నదుల్లో దొరకదు. మెయిన్‌లాండ్ నుంచి ఓడలో రావాలి. చుట్టూ ఉన్నదంతా ఇసుకే, కానీ అది ఉప్పు ఇసుక. తవ్వకూడదు, వాడకూడదు. మాస్టారు అది తెలిసే, ఓడ ఇసుకకని విడిగా, మొత్తం ముందే ఇచ్చారు. ఆ డబ్బుతో నా కారు ఓడెక్కింది.

వానలు ముంచుకొస్తున్నాయి, స్లాబు వెయ్యాలి. తెల్లవారేలోపు మూడు లారీల బీచ్ ఇసుక దింపించాను. రాంచీ నుంచి వచ్చిన మేస్త్రీ ఒక గుప్పెడు తీసి, నాలుకకు ఆనించి, నా వైపు చూశాడు. కనీసం కడగాలి సాబ్, ఈ బావి నీళ్ళు చాలవు, ట్యాంకర్ కావాలి అన్నాడు. పని కానియ్యమన్నాను. పాతకాలపు ఇళ్ళు ఎన్ని ఈ ఇసుకతో కట్టలేదు, ఇంకా నిలబడి లేవా అని నాకు నేను చెప్పుకున్నాను. అప్పటికి నాకు చెప్పుకోవడం బాగా అలవాటైంది. కారు ఓడెక్కేదాకా దాన్ని కడగడానికి నీళ్ళున్నాయి. ఇసుక కడగడానికి లేకపోయాయి.

స్లాబు వేశాక మాస్టారు తడపడం ఎవరికీ వదల్లేదు. స్లాబు మీద సిమెంటుతో చిన్న చిన్న మడులు కట్టించుకుని, బనీనుతో, తలకు తువ్వాలు చుట్టుకుని, మూడు వారాలు రెండు పూటలా బావి నీళ్ళు తోడి పోశారు. ట్యాంకర్ రానీండి, సునామీ తర్వాత ఏ బావినీ నమ్మకూడదంటారు అని పిన్ని అనేది. మనం పప్పు వండుకునేది దీంతోనే కదా అని ఆయన నవ్వేవారు. పిల్లాడికి నీళ్ళు పోస్తున్నంత శ్రద్ధగా పోసేవారు. నేను కింద నిలబడి చూసేవాణ్ణి.

స్లాబు వేసిన నెలకు కారు తిరిగొచ్చింది. తళతళలాడుతూ.

ఆరేళ్ళు గడిచాయి. ఒక వానాకాలం పొద్దున, పిన్ని పొయ్యి మీంచి గిన్నె దించుతుంటే, వంటింటి స్లాబు అడుగు నుంచి పెద్ద పెచ్చు ఊడి ఆవిడ మెడ మీద, వీపు మీద పడింది. నేను వెళ్ళేసరికి ఆవిడను ఆసుపత్రికి తీసుకెళ్ళిపోయారు. వంటింట్లో నేనొక్కణ్ణే. పైన చువ్వలు గోధుమరంగులో ఉబ్బి, పొరలు పొరలుగా రాలుతున్నాయి. కింద పెచ్చు చేతిలోకి తీసుకున్నాను. దాంట్లో చిన్న గవ్వ ముక్క ఉంది. వేలితో పెకిలించి జేబులో వేసుకున్నాను. నా చేతులు ఎంత నిదానంగా ఆ పని చేశాయో తలచుకుంటే ఇప్పటికీ నామీద నాకు అసహ్యం వేస్తుంది.

ఆసుపత్రి వరండాలో మాస్టారు బెంచీ మీద ఉన్నారు. నన్ను చూసి పక్కకు జరిగి చోటిచ్చారు. ఆయన అడిగిందీ, నేను చెప్పిందీ ఒక్క అక్షరం మరిచిపోలేదు.

"ఒరే, నాకు సచ్ చెప్పు. ఏటయింది మన స్లాబుకి? ఇసుక మంచిదేనా?"

"ఓడ ఇసుకే మాస్టారూ. పక్కా మాల్. మరి మీరు పోసిన పానీ ఎక్కడిది?"

"బావిదే కదరా. నువ్వూ చూసినావు."

"అదేనండి. సునామీ తర్వాత బావుల్లో ఉప్పు కలిసింది కదా. లోపల చువ్వకి జంగ్ పట్టి తుప్పయిపోయింది."

ఆయన తన రెండు చేతులూ చూసుకున్నారు.

"మీ పిన్ని వద్దన్నాది రా. ట్యాంకర్ రానియ్యమన్నాది. అయితే నేనేనన్నమాట."

కాదు మాస్టారూ అనడానికి నాకు ఎంతసేపు పట్టేది? ఒక్క క్షణం. ఆ క్షణాన్ని నోరు మెదపకుండా పోనిచ్చాను. పైగా ఆయన భుజం మీద చెయ్యి వేశాను. పైనుంచి పోసిన నీళ్ళు స్లాబును అలా తినెయ్యవని నాకు తెలుసు. ఇళ్ళు కట్టేవాడు ఎవడికైనా తెలుసు. కానీ సునామీ చూసిన మాకందరికీ బావి మీద ఒక భయం ఉండిపోయింది. ఆ భయం ఎక్కడుందో చూసి, అక్కడే నా అబద్ధం పెట్టాను.

పిన్ని నాలుగేళ్ళు మంచం మీదే ఉంది. నడుము కింద కదల్లేదు. మాస్టారే అన్నీ చేశారు. ఆవిడకు క్షమాపణ చెప్పుకున్నారట. పోనిద్దురూ, మీరేం కావాలని చేశారా అందట ఆవిడ. నాకు చెందవలసిన మాట అది. నాకు కాకుండా ఆయనకు వెళ్ళింది. నేను స్లాబు పైసా తీసుకోకుండా మళ్ళీ వేయించాను, ఈసారి మంచి ఇసుకతో. శిష్యుడంటే అలా ఉండాలని మాస్టారు ఊరంతా చెప్పారు. ఎదురైన ప్రతివాడూ నన్ను మెచ్చుకుంటుంటే దణ్ణం పెట్టి తీసుకునేవాణ్ణి.

బావిని ఆయన రేకుతో మూసేశారు. పైన నాలుగు రాళ్ళు పెట్టారు. ఆ వయసులో రోడ్డు చివర కుళాయి నుంచి క్యానులతో నీళ్ళు మోసుకుంటున్నారు.

పోయిన వానాకాలంలో పిన్ని పోయింది. పన్నెండో రోజు భోజనాల దగ్గర నేను సాంబారు బకెట్ పట్టుకుని ఉన్నాను. మాస్టారు అందరి మధ్యా లేచి నిలబడి, మా ఆవిడ చెప్పిన మాట వినకుండా నా చేతులతో నేనే చేసుకున్నాను అన్నారు. అందరూ తలలు వంచుకున్నారు. నేను కూడా వంచుకున్నాను. తర్వాత వరసలో చివరి విస్తరి దాకా వడ్డించాను.

ఎందుకు చెప్పలేదు? కేసవుతుందనా? లైసెన్సు పోతుందనా? అవి ఉన్నాయి. కానీ, నన్ను నేను నిజంగా నిలదీసుకుంటే, అసలు కారణం సిగ్గుమాలినంత చిన్నది. ఇసుక సంగతి ఒప్పుకుంటే కారు సంగతి ఒప్పుకోవాలి. పెట్టుబడి, బోర్డు, నాన్న భుజాలు, ఇన్నేళ్ళుగా చెప్పుకున్నవన్నీ ఉత్తివని ఒప్పుకోవాలి. ఒక మనిషి నడుము కన్నా నా జవాబులే నాకు ముఖ్యమయ్యాయి. కారు ఇప్పుడు షెడ్డులో గుడ్డ కింద ఉంది. అన్ని నీళ్ళు పోసి కడిగినా అడుగంతా ఉప్పు తినేసింది. అమ్మబోతే కొనేవాడు లేడు.

పోయిన నెల మాస్టారిని చూడ్డానికి వెళ్ళాను. ఆయన లోపల టీ పెడుతున్నారు. నాకేం పుట్టిందో, రాళ్ళు తీసి, రేకు జరిపి, బావిలోంచి చెంబుడు తోడుకుని తాగాను. చల్లగా, తియ్యగా ఉన్నాయి. చిన్నప్పుడు బడి కుండలో తాగిన నీళ్ళలా ఉన్నాయి. వెనక నుంచి మాస్టారి గొంతు వినిపించింది.

"ఒరే, తాగకు. పాడు నీళ్ళవి. ఉమ్మేయ్."

నా నోట్లో ఇంకా గుక్కెడున్నాయి. ఉమ్మేశాను. ఉప్పుగానే ఉన్నాయి మాస్టారూ అన్నాను. ఆయన నా చేతిలో చెంబు తీసుకుని, నీళ్ళు పారబోసి, రేకు సరిగ్గా జరిపి, రాళ్ళు ఒక్కొక్కటే మళ్ళీ పెట్టారు. నేను సాయం పట్టాను. బావి మూయడానికి సాయం పట్టాను.

ఆ రోజు నుంచే ఇది రాస్తున్నాను. మీరు నన్ను క్షమించాలని కాదు. ఆ పని మీది కాదు, చెయ్యగల మనిషి లేదు. ఇది పత్రికకు పంపుతున్నాను, నా పేరు రాయలేదు. కానీ ఈ ద్వీపాల్లో పసుపు రంగు స్పోర్ట్స్ కారు ఒక్కటే ఉంది. మెయిన్‌లాండ్ నుంచి విమానంలో వచ్చే తెలుగు పత్రిక ఏదైనా, ఎన్ని రోజులు ఆలస్యమైనా, మాస్టారు మొదటి పేజీ నుంచి చివరి ప్రకటన దాకా చదువుతారు. అదంతా తెలిసే రాశాను. ఎదురుగా నిలబడి చెప్పే ధైర్యం ఇప్పటికీ లేదు. ఉన్నదింతే. అయినా ఈ పూట ఊపిరి కాస్త తిన్నగా ఆడుతోంది.

మాస్టారూ, ఇసుక నాది. మీ బావి నీళ్ళు మంచివే. రేకు తీసేయండి.