నడుముకు కట్టని చేంతాడు

దెయ్యాలూ ఆత్మలూ అనేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. నంద్యాలలో మోటార్లకు వైండింగ్ చేసే షాపు నాది. మోటారు ఆగిందంటే ఎక్కడో తీగ తెగి ఉంటుంది, లేదా కాలి ఉంటుంది. ఏ కారణమూ లేకుండా ఆగిన మోటారును ఇన్నేళ్లలో ఒక్కటి కూడా చూడలేదు. అలాంటి నేను ఇది రాస్తున్నానంటే నా మీద నాకే చిరాకు. అయినా జరిగింది జరిగినట్టు రాస్తాను.

రెండు వేల సంవత్సరం దాటి నాలుగైదేళ్లు అయ్యుంటుంది. మా వైపు ఆటల పిచ్చోళ్లు కొందరు కలిసి ట్రయథ్లాన్ పెట్టారు. ఒలింపిక్స్‌లో ఉండే దూరాలే. కిలోమీటరున్నర ఈత, వెంటనే నలభై కిలోమీటర్ల సైకిలు, దిగీ దిగగానే పది కిలోమీటర్ల పరుగు. నంద్యాల పక్కన చెరువులో ఈది, సైకిలు మీద ఆళ్లగడ్డ చేరి, అక్కడ అహోబిలం రోడ్డులో ఐదు కిలోమీటర్లు పోయి రావాలి. ఈత నలభై ఐదు నిమిషాల్లో పూర్తి చేయనివాళ్లను ఒడ్డునే ఆపేస్తారు.

మొదటి ఏడాది నన్ను ఆపేశారు. దమ్ము లేక కాదు. నేను సీదాగా ఈదలేను.

మాది ఆళ్లగడ్డ దగ్గర పల్లె. ఈత నేర్చింది మా పొలం బావిలో. నేర్పింది మా పెదనాయన. ఆయనకేమో ఈత రాదు! నీళ్లు తోడే చేంతాడు నా నడుముకు కట్టి, రెండో కొస తను పట్టుకుని, నేను లోపల గోడ వెంబడి చుట్టూ ఈదుతుంటే తను పైన గట్టు మీద నాతోపాటే చుట్టూ నడిచేవాడు. బావి మధ్యలో మోటారు పైపు ఉండేది. నేను ఎడమకు పోయి పైపు దగ్గరికి చేరితే తాడు ఒక్కసారి లాగేవాడు, కుడికి జరగమని. మూడుసార్లు లాగితే, ఇక చాలు పైకి రమ్మని. బాగా ఈదావని ఆ మనిషి జన్మలో అనలేదు. ఆ మూడు లాగుళ్లనే మెప్పు అనుకునేవాణ్ణి.

అట్లా బావిలో నేర్చినవాణ్ణి గోడ లేని నీళ్లలో వదిలితే ఏమవుతుంది? తెలియకుండానే ఎడమకు తిరుగుతాడు. చెరువులో అదే జరిగింది. వంకర పోవడం, తల ఎత్తి చూసుకోవడం, మళ్లీ వెనక్కి రావడం. ఒడ్డుకు చేరేసరికి యాభై రెండు నిమిషాలు. షాపు పక్కనోళ్లు నాకు గానుగెద్దు అని పేరు పెట్టారు. నేనూ నవ్వాను గానీ లోపల కాలింది.

ఇంకోసారి ఈతలోనే ఆగిపోతే ఇక పేరు ఇవ్వొద్దని పోటీ పెట్టినవాళ్లు తేల్చి చెప్పారు. నాకు అప్పటికే నలభై దాటింది. ఒక్కసారి ఆఖరి గీత దాటితే చాలు, అంతకంటే ఏమీ అడగను అనుకున్నాను. ఏడాదంతా కేసీ కాలువలో ఈదాను. కాలువకు రెండు పక్కలా గట్లుంటాయి, అక్కడ సీదాగానే వచ్చేది. చెరువు సంగతి దేవుడికే తెలియాలి.

రెండో ఏడాది పోటీ రోజు పొద్దున ఆరున్నరకు నీళ్లలో దిగాం. కొంతదూరం పోయేసరికి ఈత కళ్లద్దాలు మసకేశాయి. నీలం డ్రమ్ములు గుర్తుగా వదిలారు, ఒక్కటీ కనబడలేదు. అయిపోయింది, మళ్లీ గానుగే అనుకున్నాను.

అప్పుడు నడుము కుడిపక్క ఎవరో లాగినట్టైంది. ఒక్కసారి.

నాచు తగులుకుందేమోనని తడిమి చూశాను. ఏమీ లేదు. నిక్కరు బొందు లోపలే ఉంది. అలవాటుగా కుడికి జరిగాను. తల ఎత్తితే డ్రమ్ము ఎదురుగా ఉంది. అక్కణ్ణుంచి వెళ్లేటప్పుడు మూడుచోట్ల, వచ్చేటప్పుడు నాలుగుచోట్ల లాగింది, ప్రతిచోటా ఒక్కసారే. లాగినప్పుడల్లా కుడికి జరిగాను. భయం వేయలేదు. ఆ లాగుడు నాకు తెలుసు. పెదనాయన పోయి అప్పటికి ఆరేడేళ్లయింది.

ముప్పై ఎనిమిది నిమిషాలకు ఒడ్డెక్కాను. కాపలా పడవలో ఉన్న జాలరి నన్ను చూసి, "ఏందప్పా, పోయినేడు వంకర టింకర పోతాంటివి, ఈసారి తాడు కట్టి లాగినట్టు వచ్చినావే" అన్నాడు. నడుము ఇంకోసారి తడుముకున్నాను. అయినా ఆగలేదు, సైకిలెక్కాను.

శిరివెళ్ల దాటాక ఎదురుగాలి. ఎవరేమనుకుంటే నాకేం, గట్టిగా అరుచుకుంటూ తొక్కాను. సంతోషం పట్టలేకపోయాను. పరుగులో ఎనిమిదో కిలోమీటరు దగ్గర పిక్కలు పట్టేసి రోడ్డు పక్కన కూలబడ్డాను. ఆళ్లగడ్డ పోతున్న జీపు ఆపి ఎవరో, "ఎక్కన్నా, ఆడ దింపుతాం" అన్నారు. ఎక్కుదామనే అనిపించింది. కానీ చాలు అని మూడుసార్లు లాగలేదు కదా. లాగలేదు కాబట్టి లేచాను. కుంటుకుంటూనే, ఏడ్చుకుంటూనే పరిగెత్తి, ఆళ్లగడ్డ మైదానంలో గీత దాటాను. జనం ఈలలు వేశారు. నాకంటే వెనక ఇద్దరే ఉన్నారు. అయితేనేం, ఆ రోజు ఆళ్లగడ్డలో నాకంటే గొప్పోడు లేడు!

పిక్కలు చూడ్డానికి వచ్చిన డాక్టరమ్మ బనియను పైకెత్తి, "మొలకు తాడు కట్టుకుని ఈదినావా ఏంది?" అనింది. నడుము చుట్టూ బొటనవేలంత మందాన ఎర్రగా కమిలింది, కుడిపక్క ఎక్కువగా. నేను మొలతాడు కట్టను. నిక్కరు బొందు సన్నది. ఆ గుర్తు ఐదు రోజులుంది, మా ఆవిడ రోజూ చూసింది. చిన్నప్పటి అలవాటు ఒళ్లు మర్చిపోలేదు, అందుకే లాగినట్టు అనిపించి ఉంటుంది అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మరి కమిలిన చర్మానికి ఏం చెప్పాలి? ఎన్ని కాయిళ్లు విప్పి చూశానో, ఇది మాత్రం ఎక్కడ తెగిందో నాకు దొరకలేదు.

డాక్టరమ్మకు చెప్పని సంగతి ఇంకొకటుంది. గీత దాటిన మరుక్షణం, ఈలల మధ్య, నడుము దగ్గర లాగింది. ఒకటి. రెండు. మూడు.