తొమ్మిది వారాల కుర్చీ

ఆ ఆసుపత్రిలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ. అందరికీ మడతలక్క. నేలమాళిగలోని లాండ్రీలో పదిహేడేళ్లు దుప్పట్లు మడతపెట్టింది. నాలుగు మూలలూ కలిపి, గాలిలో ఒక్కసారి విదిలించి, పొట్టకు ఆనించి మడిచేది. ఆమె కట్టను వార్డు అల్మారాలో పెడితే పక్క కట్టలు తాగి తూలుతున్నట్టు కనిపిస్తాయని నర్సులు నవ్వేవారు. రక్తం, చీము, వాంతి, ఇంకా పైకి చెప్పకూడనివి ఎన్నో ఆ చేతుల మీదుగా పోయాయి. ఏనాడూ ముక్కు మూసుకోలేదు. "మనిషి ఒంట్లోంచి వచ్చిందేగా, ఉడకబెడితే పోతుంది" అనేది.

నలభై నాలుగో ఏట మణికట్లు మొరాయించాయి. తడిబట్టల సంచి ఎత్తితే మోచేతి దాకా సలుపు. బరువులు ఎత్తొద్దన్నాడు డాక్టరు. ఆమె సాయంత్రం తరగతులకు వెళ్లి కంప్యూటరు నేర్చుకుంది. ఆసుపత్రి తన ఉద్యోగుల కోసం పెట్టిన పరీక్ష రాసి, రెండోసారికి గట్టెక్కింది. మూడో అంతస్తులో, రోగుల ఫిర్యాదుల విభాగంలో గుమాస్తా పని దొరికింది. లాండ్రీవాళ్లు కేకు కోయించారు. అత్తగారైతే వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా "మా కోడలు ఇక ఆఫీసులో" అని చాటి వచ్చింది.

విభాగంలో ఉండేది ఇద్దరే. ఆమె, ఆమె పైన సూపరింటెండెంటు. ఆయన నున్నటి మనిషి. నోట్లో ఎప్పుడూ పుదీనా బిళ్ళ. గొంతు పెంచడు. వెనకాల అందరూ వెన్నముద్ద అంటారు. మొదటిరోజే ఒక ఫైలు తెచ్చి ఆమె ముందు పెట్టాడు. అందులో పన్నెండు నమూనా ఉత్తరాలు ఉన్నాయి.

"ఆలస్యం గురించి రాస్తే ఒకటోది. సిబ్బంది కసురుకున్నారంటే నాలుగోది. శుభ్రత గొడవైతే ఏడోది. పేరూ తారీఖూ మార్చి పంపెయ్యమ్మా, అంతే."

ఆమె ఏడోది తీసి చదివింది. 'మీ ఫిర్యాదుపై సంబంధిత సిబ్బందిని క్షుణ్ణంగా విచారించాము. నిర్దేశించిన పద్ధతులన్నీ పాటించినట్లు తేలింది. మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము.'

"ఈ విచారణ ఎవరు చేస్తారండీ?"

ఆయన బిళ్ళను ఒక బుగ్గలోంచి ఇంకో బుగ్గలోకి మార్చాడు. "ఉత్తరం పంపడమే విచారణమ్మా. కోపంగా ఉన్నవాడికి కాగితం కావాలి. ఇస్తాం."

తనకే అర్థం కాలేదేమో అనుకుంది మొదటివారమంతా. రెండో వారం ఒక ముసలాయన ఉత్తరం వచ్చింది. తన కట్టుడు పళ్లు దుప్పటితోపాటు ఉతుక్కి పోయాయట. దుప్పట్లలో దొరికిన కళ్లజోళ్లూ, ఉంగరాలూ, పళ్లూ లాండ్రీలో ఏ అల్మారాలో, ఏ డబ్బాలో ఉంటాయో ఆమెకు కళ్లు మూసుకున్నా తెలుసు. ఫోనెత్తింది. సూపరింటెండెంటు వేలు వచ్చి ఫోను మీట నొక్కి లైను తెంపింది.

"ఇది దొరికిందనుకో. మిగతావి మనం వెతకలేదని ఒప్పుకున్నట్టేగా?" అన్నాడు చిరునవ్వుతో.

మధ్యాహ్నం అన్నం మానేసి నేలమాళిగకు పోయింది. డబ్బాలో పళ్లు ఉన్నాయి. గుడ్డలో చుట్టి, వార్డు నర్సు ద్వారా దొంగసొమ్ము దాటించినట్టు ముసలాయన ఇంటికి పంపించింది. అదే రోజు టపాలో 'ఎంత వెతికినా లభించలేదు' అనే ఉత్తరం కూడా ఆయనకు పోయింది. దాన్ని టైపు చేసింది ఆమే. రెండూ అందుకుని ఆ మనిషి ఏమనుకుంటాడా అని తలుచుకుంటే ఆమెకు తన పనిమీద రోత పుట్టింది. పదిహేడేళ్ల మురికిబట్టల్లో ఎన్నడూ అంత రోత పుట్టలేదు.

అంతకంటే అసహ్యమైనది ఆరో వారంలో జరిగింది. అప్పటికి చెయ్యి తిరిగింది. టీ వేళకు పదకొండు ఉత్తరాలు పూర్తయ్యేవి. ఒకరోజు ఏడో నమూనాలో ఎవరి పేరో కొడుతూ ఉండగా ఏదో వినిపించింది. తనే కూనిరాగం తీస్తోంది. వేళ్లు కీబోర్డు మీదే ఆగిపోయాయి. లేచి వెళ్లి చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కుంది.

ఏడో వారంలో నోటీసుబోర్డు మీద కాగితం పడింది. ఆపరేషన్ పనిముట్లను కడిగి, ఆవిరిలో ఉడికించి, మూటలు కట్టే గదిలో తనిఖీకి ఒక మనిషి కావాలి. కూర్చుని చేసే పని. బరువులు లేవు. ఆ గదిని చూసుకునే పెద్ద సిస్టర్ మెట్ల దగ్గర ఆమెను పట్టుకుంది.

"నీ కళ్లు నాకు తెలుసు. దుప్పట్లో సూదంత మరక ఉన్నా వెనక్కి తిప్పికొట్టేదానివి. దరఖాస్తు పెట్టు."

"వచ్చి రెండు నెలలు కూడా కాలేదు సిస్టర్."

"నేను అడిగింది పెడతావా అని."

ఫారం అయితే తెచ్చుకుంది. ఏడాది నిండనివాళ్లు పై అధికారి సమ్మతి సంతకం తేవాలని అడుగున ఉంది. దాన్ని సంచిలో పెట్టుకుని తిరిగింది. ఆఫీసు పని చేతకాక పారిపోయిందంటారు. కాలు ఒకచోట నిలవదంటారు. కేకు కోయించినవాళ్ల ముఖం ఎలా చూడాలి?

ఆ సాయంత్రం ఇంట్లో చెప్పింది. భర్త బేకరీలో రొట్టెలు కాల్చేవాడు. సంగతి విని చెంచా పక్కన పెట్టాడు.

"కుర్చీ ఇంకా వేడెక్కనే లేదు, అప్పుడే లేస్తావా?"

"రోజూ అబద్ధాలు టైపు చేస్తున్నానండీ."

"ఎవరు చెయ్యట్లేదు? నిన్నటి రొట్టె ఇవాళ్టిదని మేము అమ్మడం లేదూ?"

ఆమె అతని వంక చూసింది. "అమ్ముతున్నారా?"

అతని చెవులు ఎర్రబడ్డాయి. "అంటే... రోజూ కాదు. ఓనరు చెప్తాడు."

ఆమె ముందున్న రొట్టె పళ్లేన్ని అతని వైపు జరిపింది. అత్తగారు సర్దిచెప్పబోయింది. "రెండేళ్లు ఓర్చుకో తల్లీ. అంతమందికి చెప్పాను, ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని కాదని చెప్పను?" ఆమెకు నవ్వూ రాలేదు, కోపమూ రాలేదు. లేచి వెళ్లి పడుకుంది. ఫారం సంచిలోనే ఉండిపోయింది.

ఎనిమిదో వారంలో ఒక బస్సు డ్రైవరు వచ్చాడు. యూనిఫారంలోనే ఉన్నాడు, డ్యూటీ మధ్యలో వచ్చినట్టున్నాడు. సూపరింటెండెంటు మీటింగుకు వెళ్లాడు. డ్రైవరు రెండు ఉత్తరాలు ఆమె బల్లమీద పక్కపక్కన పరిచాడు. ఒకటి అతని భార్యకు వచ్చింది. రెండోది అదే వార్డులో పక్క మంచంమీద ఉన్నావిడకు. పేర్లు తప్ప ఒక్క అక్షరం తేడా లేదు.

"ఇవి మీరేనా రాసింది?"

"నేనే."

"క్షుణ్ణంగా విచారించామని ఉంది. ఎవర్ని విచారించారమ్మా?"

వెంటనే నోటికొచ్చే జవాబులు నాలుగైదు ఆమెకు తెలుసు. అవన్నీ వదిలేసి, "ఎవర్నీ విచారించలేదండీ" అంది.

అతను అరుస్తాడనుకుంది. అరవలేదు. "ఆపరేషనైన మర్నాడు పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా తడి దుప్పటి మీదే పడుకోబెట్టారు. సిగ్గేసి ఎవరికీ చెప్పనంది. నాలుగు రోజులు బతిమాలి నేనే రాయించా. ఇప్పుడీ కాగితం చూసి, తనే లేనిపోనిది ఎక్కువ చేసి చెప్పిందేమో అంటోంది."

"క్షమించండి" అంది ఆమె.

"చింతిస్తున్నారని ఇందులోనే ఉందిగా" అని ఉత్తరాలు మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఆమె బాత్రూములో కుళాయి మీద చాలాసేపు వంగి నిలబడింది. పొద్దున తిన్నదంతా వచ్చేసింది. ముఖం కడుక్కుని వచ్చి, సంచిలోంచి ఫారం తీసి, అక్కడే నింపింది.

డ్రైవరు పైవాళ్లకు చెప్పాడో ఏమో, మర్నాటికి సూపరింటెండెంటుకు అంతా తెలిసిపోయింది. కోపం చూపలేదు. ఆమె ఇచ్చిన ఫారం చూసి తల పంకించి, తన బల్ల సొరుగులోంచి ఒక కాగితం తీశాడు. ఒంట్లో బాగోలేక ఆ డ్రైవరుతో ఏదో పొరపాటుగా మాట్లాడానని, విచారణ సక్రమంగానే జరిగిందని ఆమె చెబుతున్నట్టు అందులో టైపు చేసి ఉంది.

"ఇక్కడ నువ్వొక సంతకం, అక్కడ నేనొక సంతకం. ఇద్దరం హాయిగా ఉంటాం."

కాగితం మీద పుదీనా వాసన వేస్తోంది. తరవాత ఆమె భర్తతో చెప్పుకుంది, ఒక్క క్షణం తన చెయ్యి కలం కోసం వెళ్లిందని. ఆ చేతినే చూసుకుంటూ, "ఆలోచించి చెప్తానండీ" అని బయటికి వచ్చేసింది.

ఆమె నేరుగా ఉద్యోగుల వ్యవహారాలు చూసే గదికి వెళ్లి నిబంధన అడిగింది. సమ్మతి ఇవ్వని అధికారి కారణం రాతలో ఇవ్వాలని అక్కడి గుమాస్తా పుస్తకం తిరగేసి చూపించాడు. తిరిగివచ్చి సూపరింటెండెంటు ముందు నిలబడింది.

"ఆ కాగితం మీద నేను సంతకం పెట్టనండీ. మీరు నా ఫారం మీద పెట్టకపోతే కారణం రాయాలట. రాయండి. నేనెందుకు వెళ్తున్నానో కింద నేనూ రాస్తాను."

ఆయన నోట్లో బిళ్ళ పటుక్కుమంది. సంతకం గీసి ఫారం ఇటు విసిరాడు. "నీలాంటివాళ్లు ఎక్కడా నిలవరమ్మా."

ఇంటర్వ్యూలో ముగ్గురు కూర్చున్నారు. తొమ్మిది వారాలకే ఎందుకు మారాలనుకుంటున్నారని అడిగారు. కొత్త విషయాలు నేర్చుకోవాలన్న ఆసక్తి అంటూ ఇంట్లో ఒక జవాబు వల్లెవేసుకుని వచ్చింది. నోరు తెరవబోయేసరికి అదే ఆమెకు రోతగా తోచింది.

"అక్కడ చెయ్యని పని చేశామని రాయాలండీ. నాకు చేతకాలేదు." ఆగి, మళ్లీ అంది, "అది కూడా అబద్ధమే. బాగా చేతనైంది. అందుకే భయమేసింది."

ఒకాయన గొంతు సవరించుకున్నాడు. ఇంకొకాయన తరవాతి ప్రశ్నకు వెళ్లిపోయాడు. వారం తిరక్కుండా ఉద్యోగం వచ్చింది. తన మాటలకు మెచ్చి ఇచ్చారేమోనని ఆమె మనసులో కాస్త పొంగింది కూడా. ఇంకొక్కరే దరఖాస్తు పెట్టారని, ఆ మనిషి ఇంటర్వ్యూకు రాలేదని పెద్ద సిస్టర్ నవ్వుతూ చెప్పింది.

మూడో అంతస్తులో ఆఖరిరోజు ఆమె డ్రైవరు భార్య అప్పట్లో ఉన్న వార్డుకు వెళ్లి, ఆ రోజు ఏం జరిగిందో నర్సులను అడిగింది. ముప్పై ఒక్క మంచాలకు ఇద్దరు ఆయాలు, అందులో ఒకరు సెలవు. ఆ సంగతంతా డ్రైవరు భార్యకు ఉన్నదున్నట్టు రాసి, మీరు చెప్పింది నిజమేనమ్మా అని చివర చేర్చి, తన పేరుతోనే సంతకం చేసి, దారిలో టపాపెట్టెలో వేసింది. జవాబేమీ రాలేదు. చేరిందో లేదో కూడా తెలియదు. ఆమె కుర్చీలోకి మరొకరు వచ్చారని, ఉత్తరాలు యథాప్రకారం పోతున్నాయని విన్నది. తను ఒక్కదాన్ని లేచి వచ్చినందుకు అక్కడ ఏమీ మారలేదన్న తలంపు వచ్చినప్పుడల్లా నోరు చేదెక్కేది.

కొత్త గదిలో చేరిన రెండో నెలలో ఒక ఉదయం, ఆపరేషన్‌కు వెళ్లబోతున్న పళ్లెంలో ఒక పట్టకారు కీలు దగ్గర ఎండిన రక్తం కనిపించింది. ఆవగింజలో సగం కూడా ఉండదు. మొత్తం పళ్లేన్ని వెనక్కి పంపించింది. సర్జన్ గుమ్మం దాకా వచ్చి గదంతా దద్దరిల్లేలా అరిచాడు.

"కడిగినట్టు చీటీ ఉందిగా! ఇంకా ఏం కావాలి నీకు?"

"చీటీ ఉందండీ. కడగలేదు. తప్పు మా గదిదే, నలభై నిమిషాలు పడుతుంది."

ఆయన వారం రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఆమె ఆ పట్టకారును తనే బ్రష్షుతో రుద్ది, దీపం కింద తిప్పి తిప్పి చూసి, మళ్లీ ఉడకడానికి పెట్టింది.