గాయం లేదని తిప్పి పంపారు

ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో నేను సర్వేయర్‌ను. గని గోడలో సన్నని పగులు కనిపించినా కింద పనిచేసే యంత్రాలను వెంటనే పక్కకు తరలించడం మా పద్ధతి. గోడ కూలేదాకా ఎవరూ ఆగరు. కానీ సత్తుపల్లిలో మా గనివాళ్లు వెళ్లే చిన్న ప్రైవేటు దవాఖానాలో, నన్ను నేను గాయపరచుకోవాలనే కోరిక పదే పదే వస్తోందని చెబితే, డాక్టరు నా చేతులు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గాయమేది? ఏమన్న అయినంక రామ్మా, కట్టు కడ్తం."

వరుసలో ఎవరో నవ్వారు. నాకు అవమానం కంటే కోపమే ఎక్కువైంది. గోడకు ఇచ్చే విలువ మనిషికి ఇవ్వరా?

జరిగిందంతా చెప్పి, ఆ మాటే మా సెక్షన్‌లో నాతో పనిచేసే అక్కతో అన్నాను. ఎందుకలా అనిపిస్తోందని ఆమె నిలదీయలేదు.

"పద, ఖమ్మం పోదాం. ఆడ మనసు డాక్టరున్నడు. సత్తుపల్లి డాక్టర్ను బస్సుల తిడుదువు గాని."

ఖమ్మం డాక్టరు నేను చెప్పింది చివరిదాకా విన్నాడు. ఆ కోరిక ఎంత ఎగసినా మళ్లీ తగ్గుతుందని, తగ్గేదాకా ఒంటరిగా ఉండవద్దని చెప్పాడు. అది రాగానే నలుగురిలోకి వచ్చి అక్కకు ఫోన్ చేయాలని ముగ్గురం అనుకున్నాం.

మొన్న సాయంత్రం అది మళ్లీ వచ్చింది. వాకిట్లోకి వచ్చి ఫోన్ చేశాను.

"చెప్పు పిల్లా, ఇంటున్న. నా కూర మాడిందంటే మాత్రం తిండికి నీ ఇంటికే వస్త."

కోరిక తగ్గేదాకా మాట్లాడుకున్నాం. సత్తుపల్లి డాక్టరు మీద కోపం మాత్రం తగ్గలేదు. ఇంకెవరినీ అలా పంపవద్దని చెప్పడానికి సోమవారం ఇద్దరం అక్కడికి వెళ్తున్నాం.