తెల్ల బిళ్ళ మీద పసుపు

గుడిబండె దగ్గర మా చేను పక్కనున్న బండలు పరీక్షకు పనికొస్తాయని మా అమ్మాయి తన బండిని బెంగళూరు నుంచి తెచ్చి సాయంత్రం మా వాకిట్లో దించింది. ఆరు చక్రాల మీద చిన్న బల్లంత ఉంది. చంద్రుడి మీదో, ఇంకా దూరానో తిరుగుతూ, రాయిని తాకకుండానే అందులో ఏ ఖనిజముందో చెప్పే కన్ను దానికుంది. ఆ కన్ను మా అమ్మాయి ఏళ్ళ కష్టం. మర్నాడు అధికారులు వచ్చి చూస్తారు. నచ్చితే పైకి పోయే బండికి అదే పెడతారు. నేను బడి మొహం చూడలేదు, మా నాయన ఇంట్లోనే అక్షరాలు దిద్దించాడు. ఇంత చదువు మా ఇంటికిచ్చిన స్వామికి మొక్కుకుని పడుకున్నాను.

పొద్దున లేచేసరికి మా అత్త పూజ ముగించేసింది. మా వైపు ఇంటికి కొత్త బండి ఏదొచ్చినా పసుపు కుంకుమ పెట్టకుండా కదిలించరు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. పసుపు నిలవాలని నూనె కలిపి, ముందరున్న తెల్ల బిళ్ళ మీద పూసి, నడుమ కుంకుమ అద్దింది.

"బోసి మొహంతో యాడికి పంపేదమ్మా? ఇదొక్కటే నుదురు మాదిరి ఉండాది" అంది నాతో.

మా అమ్మాయి చూసి మెట్టు మీద కూలబడింది. కన్ను మొదట ఆ బిళ్ళను చూసి తెలుపంటే ఏమిటో తెలుసుకుని, దాన్నిబట్టే రాళ్ళను పోలుస్తుందట. తెలుపు తప్పితే అన్నీ తప్పే. ఇంకో బిళ్ళ బెంగళూరులో ఉంది. తుడిస్తే నూనె ఇంకా లోపలికి దిగింది. పసుపు మరక ఎండకు పోతుంది కదాని బిళ్ళ విప్పించి మిద్దె మీద పెట్టాం. ఆ రోజంతా మబ్బు. సూర్యనారాయణుణ్ణి బతిమాలుతూ అక్కడే నిలబడ్డాను.

"అవ్వకు చెప్పొద్దమ్మా. బాగుండాలనే కదా పెట్టింది" అంది మా అమ్మాయి.

మధ్యాహ్నం దాటాక అధికారులు వచ్చారు. మరక పోని బిళ్ళనే మళ్ళీ బిగించాం. కన్ను ప్రతి బండలోనూ లేనిదాన్నే చూపించింది. బిళ్ళకు మరకైందని మాత్రం మా అమ్మాయి వాళ్ళకు చెప్పుకుంది. వాళ్ళలో పెద్దాయన నెమ్మదిగా, "పైన అక్కడ బిళ్ళ మీద దుమ్ము పడితే ఎవరు తుడుస్తారమ్మా?" అన్నాడు. కాఫీ తాగి వెళ్ళిపోయారు. కొన్నాళ్ళకు వేరేవాళ్ళ కన్ను తీసుకున్నారని తెలిసింది.

మా అత్త ఇప్పటికీ ఫోనులో మనవరాలిని అడుగుతుంది, మన బండి పైకి పోయిందా అని.

"ఇంకా లేదవ్వా" అంటుంది అది, గొంతు మారనీయకుండా.

ఆ గొంతు విన్నప్పుడల్లా ఇంత మంచి మనసు దానికిచ్చినందుకు దేవుడికి దండం పెడతాను. దాని కోసం ఏం అడగాలో మాత్రం నాకు తోచదు.