అరచేతిలో పచ్చి గౌరమ్మ

నా చిన్నప్పుడు పండుగ వస్తోందంటే కొత్త బట్టలకంటే ముందు నాకు జ్వరం వచ్చేది. సంతోషం పట్టలేక వచ్చే జ్వరం అది. ఇప్పటికీ నాది నిలకడ లేని ఒళ్ళే అనుకోండి; చెప్పే మాట సగంలో ఉండగానే చెయ్యి ఇంకో పనికి పోతుంది. ఇక ఆ వయసులో మా ఊరు లాల్‌గడి మలక్‌పేటలో నన్ను పట్టి కూర్చోబెట్టడం ఎవరి తరమూ కాలేదు.

నాకు ఆరేళ్ళప్పుడు, పండుగ ఆఖరి రోజైన సద్దుల బతుకమ్మనాడు కోడి కూయకముందే లేచాను. వాకిట్లోకీ దొడ్లోకీ కాలుగాలిన పిల్లిలా తిరిగి, అందరిచేతా తిట్లు తిని, ఏడ్చి ఏడ్చి సరిగ్గా పొద్దు గూకే వేళకు నిద్రపోయాను. మెలకువ వచ్చేసరికి ఆడవాళ్ళు చెరువు దగ్గరనుంచి ఖాళీ తాంబాలాలతో తిరిగి వస్తున్నారు. బతుకమ్మ ఏదని అడిగితే నీళ్ళలో కలిసిపోయిందన్నారు. తొమ్మిది రోజులు దేనికోసం ఎదురుచూశానో అది నా కంట పడకుండానే అయిపోయింది. ఆ దుఃఖం ఏడాదంతా పోలేదు.

మరుసటి పండుగకు నిద్రపోనే పోనని ఒట్టు పెట్టుకున్నాను. నిద్ర రాకూడదంటే గెంతుతూ ఉండాలన్నది నా తెలివి. ఈసారి కూడా ఆగం చేస్తే చెరువుకు తీసుకుపోయేది లేదని అమ్మ పొద్దున్నే చెప్పేసింది. ఆ భయానికి ఇంకా ఎక్కువ గెంతాను. గెంతి గెంతి, గునుగుపూలకు రంగు అద్దే గిన్నె మీద కాలు వేశాను. గులాబీరంగు నీళ్ళన్నీ తంగేడుపూల కుప్ప మీదికి పోయాయి. మా నాయిన తెల్లవారకముందే వెళ్ళి గుట్టలెంబడి తిరిగి కోసుకొచ్చిన పూలవి. అమ్మ చెయ్యి ఎత్తింది.

అది నా వీపు మీద పడేలోపు మా అవ్వ, అంటే మా నాయిన తల్లి, నా రెక్క పట్టుకుని లోపలి గదిలోకి లాక్కుపోయింది. వడ్ల బస్తాలుండే చీకటి గది అది. ఇక్కడైనా దెబ్బలు తప్పవనుకున్నాను. అవ్వ మాత్రం నన్ను గోడకు ఆనించి కూర్చోబెట్టి, పసుపు తడిపి, బొటనవేలంత గౌరమ్మను చేసింది. గుమ్మడాకు మీద నిలబెట్టి, ఆ ఆకును నా రెండు అరచేతుల్లో పెట్టింది. బతుకమ్మ పేర్చడం అయ్యాక కొసన కూర్చోబెట్టే గౌరమ్మను అంత పొద్దున్నే చేయడం నేనెప్పుడూ చూడలేదు.

"ఇప్పుడే పుట్టింది బిడ్డా. లొల్లి తట్టుకోదు. నీ ఊపిరి జోరుగ తగిలినా పగుల్తది. మెల్లగ తీస్కో," అని చెప్పి, తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది.

ఎంతసేపని కూర్చుంటాను! మోకాలు దురద పెట్టింది. బయట పక్కింటి పిల్లలు చప్పట్లు కొడుతూ పాట ఎత్తుకున్నారు. ప్రాణమంతా అటే లాగుతోంది. చేతుల్లో గౌరమ్మ ఉంది కాబట్టి ఊపిరి వదలాల్సి వచ్చినప్పుడల్లా ముక్కు పక్కకు తిప్పుకుని మెల్లగా వదిలేదాన్ని. అలా వదలగా వదలగా గుండెదడ ఎప్పుడు తగ్గిందో నాకే తెలియలేదు. అంతలో వాకిట్లోంచి ఎవరో నా పేరు పెట్టి గట్టిగా పిలిచారు. ఉలిక్కిపడ్డాను. గౌరమ్మ కొస విరిగి ఆకు మీద పడింది.

నా పని అయిపోయిందనుకున్నాను. పూలు పాడు చేశాను, ఇప్పుడు గౌరమ్మను కూడా విరగ్గొట్టాను, ఇక నన్ను చెరువుకు ఎవరు తీసుకుపోతారు? ఏడుపు కూడా రాలేదు. రొట్టె, బెల్లం కలిపి చేసిన మలీద ముద్ద పట్టుకుని వచ్చిన అవ్వ ముందు ఆకును అలాగే చాపాను. ఆమె ఒక నీళ్ళచుక్క వేసి, విరిగిన కొసను నా వేలితోనే అతికించింది.

"పచ్చిగున్నప్పుడే సదురుకోవాలె. ఎండినంక ఎవలతోని గాదు," అంది.

మలీద తినిపించి కాసేపు పడుకోమంది. పడుకుంటే మళ్ళీ బతుకమ్మ పోతుందని నేను మొరాయించాను. తప్పకుండా లేపుతానని నా తల మీద చెయ్యి వేసి ఒట్టు పెట్టింది. లేపింది కూడా.

సాయంత్రం, అక్కడక్కడా గులాబీ మచ్చలున్న తంగేడు బతుకమ్మ మీద నా అతుకుల గౌరమ్మను నేనే కూర్చోబెట్టాను. చెరువు గట్టున బతుకమ్మను నీళ్ళలో విడిచేముందు గౌరమ్మను తీసి, ఆ పసుపును ఆడవాళ్ళంతా పూసుకున్నారు. అవ్వ నా చెంపలకు కూడా రాసింది. బతుకమ్మ మెల్లగా లోపలికి సాగిపోయేదాకా రెప్ప వేయకుండా చూశాను. అమ్మ నా చెయ్యి పట్టుకునే నిలబడింది.

మొన్న పండుగకు గుండ్లపోచంపల్లిలో మా అమ్మాయి వాళ్ళ అపార్ట్‌మెంటుకు వెళ్ళాను. కింద డీజే మోత. ఐదేళ్ళ మనవరాలు ముఖమంతా ఎర్రబడి, కేకలు వేస్తూ పరుగులు పెడుతూ, పేర్చిన బతుకమ్మను గుద్దేసింది. మా అమ్మాయి చెయ్యి ఎత్తింది. ఆ చెయ్యి నాకు బాగా తెలుసు. పిల్లను ఎత్తుకుని పడకగదిలోకి తెచ్చి తలుపు వేశాను. కంగారులో పసుపులో నీళ్ళెక్కువ పోశాను, గౌరమ్మ జారిపోయింది. మళ్ళీ చేసి, తమలపాకు మీద పెట్టి దాని చేతుల్లో ఉంచాను. మా అవ్వ చెప్పిన మాటే చెప్పాను. అది కుదుటపడింది గానీ నేను పడలేదు. కింద ఆట మొదలుపెట్టారేమోనని కిటికీ దగ్గరికీ మంచం దగ్గరికీ తిరుగుతూనే ఉన్నాను.

పిల్ల తల ఎత్తకుండానే, గుసగుసగా అంది: "అమ్మమ్మా, నువ్వు గూడ మెల్లగ ఊపిరి తీస్కో. పగుల్తది."

దాని పక్కన కూర్చున్నాను. ముక్కు పక్కకు తిప్పుకుని, మెల్లగా వదిలాను.