ఆమేన్ అనేదాకా

2023 వానాకాలం. బందరులో నా క్లినిక్ అప్పటికి కాస్త నిలదొక్కుకుంది. ఘంటసాల దగ్గర పాడి ఉన్న ఇంట్లో పుట్టినదాన్ని కాబట్టి పశువుల డాక్టరంటే గేదెల డాక్టరనే అనుకుని ఈ చదువు చదివాను. చాలా ఏళ్ళు దివిసీమ ఊళ్ళలో ఈనలేక అవస్థ పడే గేదెలతో, కాళ్ళు విరిగిన మేకలతో గడిచిపోయింది. కుక్కలు, పిల్లులు తర్వాత వచ్చాయి. వాటితో పాటు వాటి మనుషులూ వచ్చారు. నాకు ఓపిక తక్కువని మా కాంపౌండర్ వీరబాబు ఊరంతా చెబుతుంటాడు. అందులో అబద్ధమేమీ లేదు. కుక్కకి ఏమైందని అడిగితే దాని పుట్టినరోజు కేకు గురించి చెప్పేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

కరుణమ్మ అలాంటి మనిషి కాదు. అడిగినదానికి సమాధానం చెప్పి ఊరుకునేది. కోనేరు సెంటర్‌కి దగ్గర్లో ఒక సందులో కర్రీ పాయింట్ నడిపేది. సొంతూరు నాగాయలంక వైపు. భర్త రాజారావు కరోనా రెండో విడతలో పోయాడు. పిల్లలు లేరు. పొద్దున్నే లేచి వీధి వీధంతటికీ కూరలు వండి, తను మాత్రం మిగిలిన అడుగూ బొడుగూ గిన్నెలోనే కలుపుకుని నిలబడి తినేసేదట. అది చూడలేక చర్చిలో తెలిసినవాళ్ళు విజయవాడ దగ్గర దిక్కులేని కుక్కల్ని సాకే ఒక షెల్టర్‌కి తీసుకెళ్ళి, ఒక కుక్కని తెచ్చుకోమన్నారు.

కూనల్ని వదిలేసి, మూలన కూర్చున్న ఒక ముసలి కుక్కని తెచ్చుకుంది. మోకాలి ఎత్తు కూడా లేదు. పామరేనియన్ పోలిక కొంత, వీధి కుక్క పోలిక కొంత. ఒక చెవి నిలబడితే ఇంకో చెవి వాలిపోయి ఉండేది. ఎవరో ఇల్లు మారుతూ షెల్టర్లో వదిలేసి వెళ్ళారట. కరుణమ్మ దానికి చిట్టి అని పేరు పెట్టింది.

నా దగ్గరికి తెచ్చేసరికి చిట్టి బాగా చిక్కిపోయింది. నీళ్ళు మాత్రం తెగ తాగుతోంది. రక్తపరీక్ష చేయిస్తే క్రియాటినిన్ చాలా ఎక్కువగా ఉంది. క్రియాటినిన్ అంటే కిడ్నీలు వడగట్టి బయటికి పంపాల్సిన చెత్త. అది రక్తంలో పేరుకుందంటే కిడ్నీలు చేతులెత్తేస్తున్నాయని అర్థం.

"బతుకుద్దా అండీ?" అంది కరుణమ్మ.

"నయమయ్యే జబ్బు కాదమ్మా. ఉన్నన్నాళ్ళు సుఖంగా ఉండేలా చూడగలం."

"ఎన్నాళ్ళుంటదో ఎలా తెలుస్తుందండీ?"

అందరికీ చెప్పే మాటే ఆమెకూ చెప్పాను. "అదే చెబుతుంది. ఎంత ఇష్టమైనది పెట్టినా ముట్టని రోజొకటి వస్తుంది. ఆ రోజు ఇక దాన్ని కష్టపెట్టకూడదు. మత్తిచ్చి, నొప్పి తెలియకుండా పంపించేయాలి." దాన్ని యుథనేషియా అంటారని, ముందు గాఢంగా నిద్రపోతుందని, ఆ తర్వాతే ఊపిరి ఆగుతుందని వివరంగా చెప్పాను.

ఆమె చిట్టి వాలిన చెవిని సవరించింది. "దేవుడిచ్చిన ప్రాణం కదండీ, మనం తియ్యొచ్చా?" అంది చివరికి. అప్పటికి ఆ సంగతి ఎందుకులెమ్మని మందుల గురించి చెప్పాను.

ముందు కొన్నాళ్ళు క్లినిక్‌లోనే ఉంచి ఐవీ ఫ్లూయిడ్స్ ఇవ్వాలి. అంటే సెలైన్ నరానికి ఎక్కించి రక్తంలో చెత్తని కడిగేయడం. సరిగ్గా అప్పుడే కరుణమ్మ గుడివాడలో సువార్త సభలకి వంట ఒప్పుకుని ఉంది. అంతమందికి అన్నం పెడతానని మాటిచ్చి తప్పుకోలేనంది. చిట్టిని మాకు అప్పగించి, వెనక్కి తిరిగి తిరిగి చూసుకుంటూ బస్సెక్కింది.

సెలైన్ బాగానే ఎక్కింది. వాంతులు తగ్గాయి. చిట్టి లేచి నిలబడింది కూడా. కానీ ముద్ద ముట్టలేదు. వీరబాబు కిడ్నీ జబ్బుకి పెట్టే ఉప్పు లేని డబ్బా తిండి పెట్టాడు. చప్పిడి కోడిమాంసం ఉడికించి పెట్టాడు. గుడ్డు తెల్లసొన, పెరుగన్నం, చివరికి నాకు తెలియకుండా బిస్కెట్టూ పెట్టాడు. గిన్నె ముందు పెడితే చిట్టి వచ్చి కూర్చునేది. గిన్నె వంకా మా మొహాల వంకా మార్చి మార్చి చూసేది. కాసేపటికి గోడవైపు తిరిగి పడుకునేది.

"చూస్తంది గానీ తినదేంటి మేడమ్?" అన్నాడు వీరబాబు.

"వికారం. కిడ్నీ కేసుల్లో ఇంతే" అన్నాను. పుస్తకంలో ఉన్నదీ అదే. మళ్ళీ రక్తపరీక్ష చేయిస్తే క్రియాటినిన్ కొంచెమే తగ్గింది. దానికి తోడు తిండి లేక మనిషి మనిషే నీరసించిపోయింది. చిట్టిని నేను మనిషి అన్నానని ఇది రాస్తుంటే గమనించాను. కొట్టేయాలనిపించడం లేదు.

కరుణమ్మకి ఫోన్ చేశాను. "ఒకసారి రండమ్మా. మనం అనుకున్న రోజు వచ్చినట్టుంది."

ఫోన్లో ఆమె ఏడవలేదు. "వస్తానండీ. నేనొచ్చేదాకా ఏం చెయ్యొద్దండీ" అంది. వంటపని తోటివాళ్ళకి అప్పజెప్పి ఆ మధ్యాహ్నమే దిగింది. చేతులకి పసుపు, చీరకి మసాలా వాసన. అప్పటికే నేను మందు తీసి ట్రేలో పెట్టి ఉంచాను. చిట్టి ఆమెని చూసి తోక ఊపింది గానీ లేవలేకపోయింది.

"చివరిసారి నా చేత్తో పెట్టుకోనివ్వండి" అంది కరుణమ్మ.

వీరబాబు కోడిమాంసం అన్నం గిన్నె తెచ్చిచ్చాడు. ఆమె చిట్టి పక్కనే నేల మీద కూర్చుని గిన్నె ముందు పెట్టుకుంది. పైట తల మీదికి లాక్కుని కళ్ళు మూసుకుంది. "ప్రభువా, ఈ పూట మాకు ఆహారం దయచేసినందుకు నీకు స్తోత్రాలు. లేనివాళ్ళకి కూడా దయచెయ్యి నాయనా. యేసు నామమున అడిగి వేడుకుంటున్నాము తండ్రీ, ఆమేన్."

చావుకి ముందు చేసే ప్రార్థన అనుకుని నేను తల వంచుకున్నాను. ఆమేన్ అన్న మరుక్షణం గిన్నె చప్పుడైంది. తలెత్తి చూస్తే చిట్టి మూతి గిన్నెలో ఉంది. ఆవురావురుమంటూ తింటోంది.

వీరబాబు నోరు తెరిచాడు. కరుణమ్మ నా వంక చూసి, "మీరు ప్రార్థన చెయ్యకుండా పెట్టారా అండీ?" అంది. ఆ గొంతులో నింద లేదు. ఉప్పు వెయ్యకుండా కూర వండారా అని అడిగినట్టుంది. వెంటనే తనే నొచ్చుకుంది. "నేనే చెప్పాల్సిందండీ. మాకు రోజూ ఉండేదే కదా, చెప్పాలని తట్టలేదు."

సంగతేమిటంటే, షెల్టర్ నుంచి వచ్చిన కొత్తలో చిట్టి గిన్నె పెట్టడం ఆలస్యం గబగబా మింగేసి కక్కేసేది. అన్ని కుక్కల మధ్య తిన్న తిండి కదా, ఎవరు లాక్కుంటారో అన్న భయం. నిదానం నేర్పడానికి కరుణమ్మ తన పళ్ళెం, దాని గిన్నె పక్కపక్కన పెట్టి, ప్రార్థన అయ్యేదాకా చేయి అడ్డం పెట్టేది. కొన్నాళ్ళకి చేయి అక్కర్లేకపోయింది. ఆమేన్ వినబడితే గానీ ముట్టేది కాదు.

"మా ఆయన పోయాక భోజనం ప్రార్థన మానేశానండీ. ఒక్కదానికి ఏం ప్రార్థనలే అనిపించేది. ఇదొచ్చాక మళ్ళా ఇద్దరం అయ్యాం" అంది.

ట్రేలోని మందు నేనే తీసి లోపల పెట్టాను.

చర్మం కింద సెలైన్ ఎక్కించడం కరుణమ్మకి నేర్పి ఇంటికి పంపాను. మధ్య మధ్య క్లినిక్‌లో ఉంచాల్సి వచ్చినప్పుడు ప్రార్థన బాధ్యత మా మీద పడేది. మొదట్లో మాకు సిగ్గుగా ఉండేది. కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకున్న వీరబాబు నల్లబట్టల్లోనే చిట్టి ముందు కూర్చుని, స్వామిని తలుచుకుని ఆఖర్న ఆమేన్ అనేవాడు. అతను లేనప్పుడు నేను చెప్పేదాన్ని. నాకు ప్రార్థన మాటలు రావు. "తినవే తల్లీ, ఆమేన్" అనేదాన్ని. చిట్టి దానికీ ఒప్పుకునేది.

ఇళ్ళ మీద క్రిస్మస్ నక్షత్రాలు కడుతున్న రోజుల్లో కరుణమ్మ ఫోన్ చేసింది. "ఇంటికి రాగలరా అండీ" అని మాత్రం అంది. కర్రీ పాయింట్ మూసి ఉంది. వెనక గదిలో చాప మీద చిట్టి పడుకుని ఉంది. నోట్లో పుళ్ళు, ఒంట్లో వణుకు. కిడ్నీలు పూర్తిగా ఆగిపోయాయని చూడగానే తెలిసింది. పక్కన గిన్నెలో ఎండు మెత్తళ్ళు అనే చిన్న చేపల పులుసు కలిపిన అన్నం ఉంది. చిట్టికి అది ప్రాణమట. అందులో ఉప్పెక్కువని నేను మాన్పించాను.

"పొద్దుట్నించీ ప్రార్థన చెయ్యలేదండీ" అంది. ఎందుకో నాకు అప్పుడర్థం కాలేదు.

పైట తల మీదికి లాక్కుని మొదలుపెట్టింది. ఆహారం ఇచ్చినందుకు స్తోత్రం చెప్పింది. షెల్టర్ వాళ్ళని దీవించమంది. హంసలదీవి దగ్గర వేటకెళ్ళినవాళ్ళని క్షేమంగా ఒడ్డుకి చేర్చమంది. కూరలు కొనేవాళ్ళని పేరు పేరునా తలుచుకుంది. రాజారావుని తలుచుకుంది. నన్నూ వీరబాబునీ తలుచుకుంది. మళ్ళీ మొదటికొచ్చి ఆహారం ఇచ్చినందుకు స్తోత్రం అంది. చిట్టి తల ఎత్తలేక కళ్ళు మాత్రం ఎత్తి ఆమెనే చూస్తోంది. అప్పుడు నాకు తెలిసింది. ఆమేన్ అనకపోతే చిట్టి ఇంకా ఆగి ఉన్నట్టే. అన్నాక ముట్టకపోతే ఇక ఏమీ మిగలదు.

నేను ఆమె పక్కన కూర్చుని వీపు మీద చేయి వేశాను. ఆమె ప్రార్థన ఆగిపోయింది.

"నావల్ల కావట్లేదు డాక్టరమ్మగారూ. మీరనండి."

"ఆమేన్" అన్నాను.

చిట్టి మూతి గిన్నె దాకా తెచ్చింది. వాసన చూసింది. తర్వాత తల తిప్పి కరుణమ్మ పాదం మీద పెట్టింది. కరుణమ్మ ఏడుస్తూనే నా వంక చూసి తల ఊపింది. ఆమె ఒళ్ళోనే మందిచ్చాను. ఎన్నో ప్రాణాలు నా చేతుల మీదుగా పోయాయి గానీ, ఆ సాయంత్రం ఇంటికెళ్ళి నేను ఏడ్చినంత ఎప్పుడూ ఏడవలేదు.

ఇప్పుడు తిండి తినడం లేదని ఏ కుక్కని తెచ్చినా, ఏం పెడుతున్నారని అడిగే ముందు ఎలా పెడతారని అడుగుతాను. ఎవరు పెడతారు, ఎక్కడ పెడతారు, పెట్టేటప్పుడు ఏమంటారు? కొందరు ఈవిడకి చాదస్తం ముదిరిందనుకుంటారు. అనుకోనీ. తినకపోవడం వేరు, ఆగడం వేరు. చూసేవాళ్ళకి రెండూ ఒకేలా ఉంటాయి.

మొన్న వేసవిలో ఆ సందులోంచి వస్తుంటే కరుణమ్మ పిలిచి, తిని వెళ్ళమని పట్టుబట్టింది. నాకు వడ్డించి, తను పొయ్యి దగ్గరే నిలబడి గిన్నెలో కలుపుకోబోయింది. నేను పళ్ళెం ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని ఆమె వంకే చూస్తూ కూర్చున్నాను.

"తినండి, చల్లారిపోద్ది" అంది. నేను కదలలేదు.

ఆమెకి అర్థమైంది. గిన్నె దించి, పళ్ళెం పెట్టుకుని నా ఎదురుగా వచ్చి కూర్చుంది. పైట తల మీదికి లాక్కుంది. కళ్ళు మూసుకుంది. ఆమె ఆమేన్ అనేదాకా నేను ముద్ద ముట్టలేదు.