బావ కన్నుతో పెద్దగుడి

మొన్న ఒక కార్డు వచ్చింది. మందపాటి కాగితం, బంగారు అంచు. మా బొగ్గు ఊళ్లో కొత్త చర్చి ప్రారంభోత్సవమట. ముందు వైపు కంప్యూటర్లో గీసిన బొమ్మ: అద్దాల గోడలు, లిఫ్టు, కార్లు నిలుపుకునే చోటు. ఏ ఫంక్షన్ హాలుకైనా అతికే బొమ్మ. వెనక కమిటీ కార్యదర్శి స్వయంగా నాలుగు ముక్కలు రాశాడు: "పెద్దయ్యా, పాత గుడి మంచి ఫోటో మా దగ్గర ఒక్కటీ లేదు. మీరు తీశారు కదా, పంపిస్తే సావనీర్లో వేస్తాం." పడగొట్టించిన చేతితోనే రాశాడు. ఇంట్లో ఎవరూ లేరు కాబట్టి గొంతు తగ్గించుకోకుండా తిట్టాను. అలిసిపోయాక బీరువా తెరిచి, కవరులోంచి ఆ నెగెటివ్ తీసి కిటికీ వెలుతురుకు పట్టుకున్నాను.

ఇల్లందు దాటి అడవి అంచున ఉంటుంది మా ఊరు. తెల్లదొరల కాలంలో బొగ్గు బాయిలతో పాటే లేచిన రాతి గుడి అది. ఒకప్పుడు బిషప్ గారి కుర్చీ అక్కడే ఉండేది, అందుకని దాన్ని కథీడ్రల్ అన్నారు. కుర్చీ ఎప్పుడో పట్నం పోయింది, పేరు రాతిపలక మీద మిగిలింది. మా నోళ్లలో మాత్రం అది ఎప్పుడూ పెద్దగుడే. నేను బడి మొహం చూసినవాణ్ణి కాదు. వానాకాలం ఆ వరండాలో తలదాచుకుంటూ, గోడలకు బిగించిన పలకల మీది చచ్చిపోయిన దొరల పేర్లు కూడబలుక్కునే ఇంగ్లీషు అక్షరాలు నేర్చుకున్నాను. అందుకే నాకు వచ్చిన మొదటి ఇంగ్లీషు మాటలన్నీ చావుకు సంబంధించినవే. లోపల టేకు దూలాలు, గబ్బిలాల వాసన, కొవ్వొత్తి మైనం వాసన, అన్నిటి మీదా సన్నటి బొగ్గు నుసి. దక్షిణపు గోడకు రంగుల అద్దాల కిటికీ. మధ్యాహ్నపు ఎండ దాంట్లోంచి దిగి బలిపీఠం మెట్ల మీద ఎర్రగా, నీలంగా పరుచుకునేది. కొత్తగా పెళ్లయిన జంట ఆ రంగుల్లో నిలబడితేనే పెళ్లి పూర్తయినట్టు మా వాళ్లకు. పాస్టరు గారి దీవెన అయిపోయినా, మబ్బు పట్టి ఉంటే ఎండ వచ్చేదాకా జంటను కదలనిచ్చేవాళ్లు కాదు. అవతల బిర్యానీ చల్లారిపోతున్నా సరే.

మా అక్క, బావ అలాగే నిలబడ్డారు. ఆ రోజు మబ్బు చాలాసేపు తేలలేదట. బావ పెళ్లిబట్టల్లోనే కెమెరా మెడకు వేసుకుని మెట్టు మీద కూచున్నాడని అక్క ఇప్పటికీ నవ్వుతుంది. ఆ కెమెరా ఊరు విడిచి వెళ్తున్న ఒక మేనేజరు దగ్గర కొన్నది. నల్లటి డబ్బా, ముందు రెండు గాజు కళ్లు, పైనుంచి తల వంచి చూడాలి. బాయిలో సర్వే పని చేసేవాడు బావ. ఆదివారం ఆరాధన అయ్యాక ఊళ్లో సగం మందిని గుడి ముందు నిలబెట్టి ఫోటోలు తీసేవాడు. ఒకనాడు షిఫ్టులో బాయి పైకప్పు కూలి చనిపోయాడు. శవపెట్టెను ఆ మెట్ల మీదే దించాం. తర్వాత అక్క భద్రాచలంలో కూతురి దగ్గరికి చేరింది. ఒక ఏడాది వరదకు గోదారి ఇంట్లోకి వచ్చింది. ట్రంకుపెట్టెలో బావ తీసిన ఫోటోలన్నీ ఒకదానికొకటి అంటుకుని, విడదీస్తే మొహాలు లేకుండా వచ్చాయి. కెమెరా నా దగ్గర ఉండబట్టి బతికింది.

గుడి పడగొడుతున్నారన్న కబురు నాకంటే ముందు అక్కకే తెలిసింది. ఫోన్ చేసింది.

"తమ్మీ, నిజమేనా?"

"అవ్ అక్కా. శుక్రవారం జేసీబీ వస్తదంట."

"నాకు ఒక కన్ను పోయింది, ఇంకోటి పోతున్నదన్నరు దవాఖానాల. అది పోకముందు ఆ మెట్లు ఒక్కసారి చూడాలె. రంగులు వడ్డప్పుడు తియ్యి. మీ బావ కెమెరాతోటే తియ్యి తమ్మీ. ఆయన చూసిన కన్నుతోటి చూస్త."

కమిటీ దగ్గరికి పరుగెత్తాను. ఆ కెమెరాకు రీలు దొరికేదాకా నాలుగు వారాలు ఆగమన్నాను, రెండు వారాలన్నా ఆగమన్నాను. కార్యదర్శి మా వీధి పిల్లవాడే, ఇప్పుడు కాంట్రాక్టరు. కుర్చీ వేయించి, చాయ్ తెప్పించి మరీ కాదన్నాడు.

"ఫోన్ల వంద ఫోటోలు తీసుకో పెద్దయ్యా, ఎవరొద్దన్నరు? గోడలన్నీ పగుళ్లిచ్చినయ్. ఎవరి నెత్తి మీదన్న వడితే నువ్వు జవాబు చెప్తవా?"

"బాయిల నా నెత్తి మీద జిందగీ అంత పైకప్పే ఉండె. కూలేదేదో కూలందేదో నాకు చెప్తున్నవారా?"

"అందరి నెత్తి నీదంత గట్టిగుండదు పెద్దయ్యా."

అందరూ నవ్వారు. నాకు బావ నెత్తి గుర్తొచ్చింది. చాయ్ తాగకుండా లేచి వచ్చాను. కోపం దిగడానికి ఆ పూటంతా పట్టింది. దిగాక దాని కింద ఉన్నది భయం.

ఇక రీలు వేట. కొత్తగూడెంలో స్టూడియో కుర్రాడు కెమెరా తిప్పి తిప్పి చూసి "తాతా, దీనికి చార్జింగ్ ఏడ వెట్టాలె?" అన్నాడు. ఖమ్మంలో ఇంకొకడు కొనుక్కుంటానన్నాడు, షోకేసులో పెట్టుకోవడానికి. చివరికి హైదరాబాదులో ఒక ముసలి దుకాణదారు గడువు దాటిన రీలు ఒక్కటి ఉందని బస్సులో పార్సిల్ వేశాడు. అది గురువారం పొద్దున నా చేతికి వచ్చింది. బయట ముసురు.

గుడిలో బెంచీలు అప్పటికే తీసేశారు. గంట కొట్టే ముసలాయన తలుపు తెరిచాడు, బాయిలో నాతో పనిచేసినవాడే. స్టాండు బిగించి, మెట్లకు ఎదురుగా కెమెరా నిలబెట్టాను. లోపలి చీకటికి ఆ కన్ను చాలాసేపు తెరిచిపెట్టాలి. అంతసేపూ అది వెంట్రుకంత కూడా కదలరాదు. మబ్బులోనే తీశాను, మళ్లీ తీశాను, రంగులు రాలేదు. పొద్దు నడినెత్తి దాటింది. రీలు చివరికొచ్చేసింది.

"ఏందన్నా, ఫోటో తీస్తున్నవా, ప్రార్థన చేస్తున్నవా?" అన్నాడు గంట ముసలాయన.

"నువ్వు చెయ్యి ప్రార్థన. జీతం తీసుకుంటున్నవ్ గద!"

వాడు నిజంగానే టోపీ తీశాడు. ఎవరి ప్రార్థనో తెలియదు, మబ్బు చీలింది. మెట్ల మీద మొదట ఎరుపు, తర్వాత నీలం. మిగిలింది ఒక్క ఫోటో. కెమెరా కన్ను తెరిచే తీగ నొక్కి పట్టాను. ఊపిరి కూడా బిగపట్టాను. మధ్యలో దూలాల మీది పావురాలు ఒక్కసారిగా లేచి చక్కర్లు కొట్టాయి. మేమిద్దరం కదల్లేదు. తీగ వదిలేసరికి ముసలాయన కళ్లు తుడుచుకుంటున్నాడు. "వచ్చిందన్నా!" అన్నాడు. నాకూ వచ్చిందనే అనిపించింది. శుక్రవారం పొద్దున మిషను మోత మొదలయ్యే వేళకు నేను ఊళ్లో ఉండదల్చుకోలేదు. రీలు పట్టుకుని హైదరాబాదు బస్సెక్కాను.

కడిగించిన రోజు దుకాణాయన పిలిచి చూపించాడు. ముందు తీసినవన్నీ బూడిద. చివరిదాంట్లో రంగులు పడ్డ మెట్లున్నాయి, కానీ ప్రతి మెట్టూ రెండు మెట్లు. బలిపీఠం రెండు, కిటికీ రెండు, గోడలన్నీ ఒకదాంట్లోంచి ఒకటి జారిపోతున్నట్టు. "ఆ టైంలో భూకంపం వచ్చిందా సార్?" అన్నాడాయన.

రాలేదన్నాను. అన్నాక గుర్తొచ్చింది. మధ్యాహ్నం షిఫ్టు మారే వేళ. ఓపెన్ కాస్టు గనిలో రాయి పేల్చే బ్లాస్టింగు. రోజూ అదే వేళకు ఊరి కింద నేల ఊగుతుంది. చుట్టాలొస్తే ఉలిక్కిపడి చేతిలో పళ్లెం వదిలేస్తారు, మేము "ఏమైంది?" అని వాళ్లనడుగుతాం. ఆ గోడలకు పగుళ్లిచ్చింది కూడా అదే. పావురాలకు తెలిసింది. నాకూ ముసలాయనకూ తెలియలేదు. పరాయి ఊరివాడెవడైనా అయితే ఆ ఊపు తెలిసి ఇంకాసేపు ఆగేవాడు.

భద్రాచలం తీసుకుపోయాను. అక్క మంచం మీద కూచుని, ఫోటోను బాగున్న కన్నుకు దగ్గరగా, ఇంకా దగ్గరగా, ముక్కుకు తగిలేదాకా తెచ్చుకుంది. చెప్పడానికి దారంతా ఏవేవో సాకులు కట్టుకున్నాను.

"కదిలింది గదరా," అంది.

"బ్లాస్టింగు టైమక్కా. యాదికి రాలేదు."

"యాదికెట్ల వస్తది? పుట్టినకాడి నుంచి రోజూ వింటనే ఉంటిమి." మళ్లీ కన్నుకు ఆనించుకుంది. "గుడి ఫోటో తెమ్మంటే, గుడి పోతున్న ఫోటో తెచ్చినవ్ తమ్మీ."

తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. దిండు కింద పెట్టుకుని గోడవైపు తిరిగి పడుకుంది. మళ్లీ అడగలేదు. ఇప్పుడు రెండో కన్ను కూడా పోయింది. ఫోటో మాత్రం దిండు కిందే ఉందని మేనకోడలు చెబుతుంది.

కార్యదర్శికి నేనేమీ పంపను. అతని సావనీర్లో గోడలు నిటారుగా నిలబడాలి. నెగెటివ్ను మళ్లీ కవరులో పెడుతుంటే కిటికీ అద్దం సన్నగా గలగలమంది. గోడగడియారం చూస్తే షిఫ్టు మారే వేళ. ఇన్నేళ్లలో అది వినిపించడం నాకదే మొదటిసారి. కాలం కూడా రోజూ చెప్పిన వేళకే వచ్చి మన కాళ్ల కింద నేలను కదిలించి పోతుంది. దానికి అలవాటు పడటాన్నే మనం బతకడం అనుకుంటాం.